సైకిలు పట్టేంత దారి

గుంటూరు,
14-8-1998

అక్కకు పానకాలు నమస్కారాలు.

నీ కార్డు అంది చాలా రోజులైంది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా పెన్ను కదల్లేదు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. తర్వాత చదివేది చూసి హడలిపోతావని ముందే ఆ మాట చెబుతున్నాను.

మా బడిలో పదో తరగతి చదివే నసీమున్నీసా అనే పిల్ల పోయిన వారం చనిపోయింది. ఎనిమిదో తరగతి నుంచీ దానికి తెలుగు చెప్పింది నేనే. పొద్దున సైకిలు మీద బడికి వస్తుంటే, మిర్చి యార్డు రోడ్డులో టిక్కీల లారీ ఒకటి పక్కనుంచి రాసుకుంటూ పోయింది. టిక్కీలంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు, నీకు తెలుసుగా. లారీ బాడీ దాటి రెండు పక్కలా పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక గోతం హ్యాండిలుకు తగిలింది. ఎడమ పక్కకు దిగుదామంటే మురుగు కాలవ. పిల్ల కుడి పక్కకు, చక్రాల కిందికి పడింది.

తల్లి పేరు జానీబీ. భర్త లేడు. యార్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పని చేస్తుంది. నేను వెళ్లేసరికి పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె రోడ్డు పక్కన కూర్చుని సైకిలు చెయిన్ ఎక్కిస్తోంది. "చెయిన్ ఊడింది మాష్టారూ" అంది నన్ను చూసి. చేతులకు గ్రీజు, కారం. 

మేం ఉపాధ్యాయులం, తల్లిదండ్రులం కలిసి అర్జీ పెట్టాం. బడి వేళల్లో ఆ రోడ్డులో లారీలు ఆపాలనీ, కాలవ మీద పలకలు పరిచి సైకిళ్లకు విడిగా కాస్త దారి ఇవ్వాలనీ. రాసింది నేనే. నాకు చేతనైంది అదొక్కటే. మా శ్రీరమ్యను సైకిలు మానెయ్యమన్నాను. అప్పట్నించీ అది నాతో మాట్లాడటం లేదు.

బావకు నమస్కారాలు. లక్ష్మీకాంత్ ఏదైనా పనిలో కుదిరాడా?

నీ తమ్ముడు
పానకాలు


చీరాల,
2-9-1998

నాయనా పానకాలూ,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదురా. ఆ జానీబీ చెయిన్ ఎక్కించడమే కళ్లలో మెదులుతోంది. ఆడపిల్లను కన్నదాన్ని కాకపోయినా కడుపు కడుపే కదా.

ఇక్కడ ఒకటే వానలు. మగ్గం గుంటలోకి నీళ్లొచ్చి మీ బావ బకెట్టుతో తోడిపోస్తున్నాడు. నడుం పట్టేసింది. పడుగు తడిసి పోగులు తెగుతున్నాయి. షావుకారు మాత్రం చీర ఎప్పుడిస్తావని మనిషిని పంపుతూనే ఉన్నాడు.

లక్ష్మీకాంత్ సంగతి అడిగావు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. "గుంటలో కాళ్లు పెట్టుకుని నా వల్ల కాదమ్మా" అని ఎప్పుడో తేల్చేశాడుగా. రెండేళ్లు క్లీనరుగా తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఇక్కడి ఆసామి ఒకాయన లారీ చేతికిచ్చాడు. పర్చూరు, ఇంకొల్లు వైపు నుంచి పత్తీ మిర్చీ గుంటూరుకు తోలడం పని. వాడు తొలి కిరాయికి పోయి వచ్చిన రోజే నీ ఉత్తరం వచ్చింది.  చదివి వినిపించాను. "మామయ్య లారీ వాళ్లనందర్నీ కలిపి తిట్టాడా?" అన్నాడు. లేదులే అన్నాను గానీ, నాకూ ఆ మాట తగిలిందిరా.

గుంటూరు వచ్చినప్పుడు మీ ఇంటికి వస్తాడు. కాస్త అన్నం పెట్టండి. అర్జీ పెట్టావు బాగానే ఉంది, అక్కడితో ఆగు. రోడ్డెక్కబాకు. మన నాన్న మంగళగిరిలో చేనేత సొసైటీ గొడవలు మోసీ మోసీ చివరికి ఎవరికి మంచివాడయ్యాడు?

మా మరదలు లక్ష్మీదుర్గకు చెప్పు, ఈసారి చింతకాయ పచ్చడి పంపిస్తాను.

మీ అక్క
రమణమ్మ


గుంటూరు,
9-12-1998

అక్కా,

పచ్చడి జాడీ లక్ష్మీకాంత్ తెచ్చి ఇచ్చాడు. మూత దగ్గర కాస్త కారింది గానీ రుచి పోలేదు. వాడు వచ్చినప్పుడల్లా లక్ష్మీదుర్గ గోంగూర చేస్తుంది, వాడు మారు మాట్లాడకుండా తింటాడు. మనిషి చిక్కాడు. నిద్ర చాలడం లేదనుకుంటాను.

అర్జీ సంగతి ఏం చెప్పమంటావు? రోడ్డు మాది గాని కాలవ మాది కాదని ఒక ఆఫీసు. కాలవ మాదే గాని దాని మీద పలకలు వెయ్యాలంటే రోడ్డు వాళ్లు రాయాలని ఇంకొక ఆఫీసు. అర్జీల కోసం కేటాయించిన సోమవారాలు బడికి సెలవు పెట్టి వెళుతున్నాను. మొదట్లో చాలామంది వచ్చేవాళ్లు. ఇప్పుడు మిగిలింది మేం నలుగురైదుగురం. జానీబీ మాత్రం ఒక్క వారం మానలేదు. పని పోతుంది గదా, ఇంటి దగ్గరుండమ్మా, మేం చూసుకుంటాం అన్నాను. "ఇంటికాడుంటే దాని పుస్తకాలు కనపడతాయి మాష్టారూ. ఇక్కడ కూర్చుంటే మీరంతా కనపడతారు" అంది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న రోడ్ల ఆఫీసు ఇంజనీరుగారు, మంచివాడే, టీ తెప్పించి అన్నాడు: "మాష్టారూ, సైకిలు తొక్కేవాళ్లు ఇంకెన్నాళ్లు తొక్కుతారు? రేపు అందరూ స్కూటర్లు కొనుక్కుంటారు. అప్పుడు ఈ దారి ఎవరికి?" నేను టీ గ్లాసు కింద పెట్టాను. జానీబీయే, "మా పేటలో స్కూటర్లు ఎప్పుడొస్తాయో చెప్పండి సార్, అందాకా పిల్లల్ని ఇంట్లో ఉంచుకుంటాం" అంది. ఆయన నవ్వబోయి మానేశాడు.

శ్రీరమ్య మళ్లీ సైకిలెక్కింది. "నాన్నా, నడిచి పోతే మాత్రం లారీ ఊరుకుంటుందా?" అని అడిగింది. తాళం ఇచ్చేశాను. మాటలు కూడా మొదలయ్యాయి.

అలసటగా ఉంది. చలికాలం కదా, అందుకేనేమో.

నీ తమ్ముడు
పానకాలు


చీరాల,
15-3-1999

పానకాలూ,

నీ అర్జీ పని చేసిందని విన్నాను. సంతోషం. బడి వేళల్లో లారీలు ఊళ్లోకి రాకూడదని ఆర్డరు వేశారట కదా. నీ మేనల్లుడు సరుకుతో ఊరి బయట ఎండలో నిలబడుతున్నాడు. ఆలస్యమై యార్డులో అన్‌లోడింగు వంతు దాటిపోతోంది. ఒక రోజు పని రెండు రోజులు పడుతోంది. ఆసామి "మీ మామయ్యను అడిగి తెచ్చుకో నీ జీతం" అంటున్నాడట. తోటి డ్రైవర్లు మాష్టారి మేనల్లుడు, మాష్టారి మేనల్లుడు అని వెక్కిరిస్తున్నారట.

సీజను ముమ్మరంగా ఉన్నప్పుడే ఇది పెట్టించాలా? వాడి బతుకు నీకు గుర్తు రాలేదా? పైగా నువ్వు రేపు ఎలక్షన్లలో నిలబడతావనీ, అందుకే పేటలో వాళ్లను కూడగడుతున్నావనీ ఇక్కడ చీరాలలో, పేరాలలో మన వాళ్లే చెప్పుకుంటున్నారు. అంత కోరికుంటే నాకొక్క మాట చెప్పాల్సింది.

మీ బావ ఇవన్నీ రాయొద్దన్నాడు. నేనే రాశాను.

రమణమ్మ


గుంటూరు,
2-4-1999

అక్కా,

ఎలక్షనూ లేదు, ఏమీ లేదు. ఆ మాట ఎవరు పుట్టించారో తెలుసు. చెప్పినా ప్రయోజనం లేదు.

లక్ష్మీకాంత్ నాకు గుర్తుకొచ్చాడు. నీ ఉత్తరం వచ్చాక పెట్టిన రెండో అర్జీ మీద సంతకాలు పెట్టించడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ గుర్తుకొచ్చాడు. డ్రైవర్లు ఆగడానికి నీడా, నీళ్లూ ఉన్న చోటు చూపించమని కూడా అందులో రాశాను. ఆర్డరులో ఆ ముక్క రాలేదు.

ఇక నువ్వు బాధపడక్కర్లేదు. ఆ ఆర్డరు ఉందో లేదో తెలియని స్థితికి వచ్చింది. మొదట్లో కానిస్టేబులు నిలబడేవాడు. ఇప్పుడు కుర్చీ ఉంది, మనిషి లేడు. లారీలు మామూలుగానే పోతున్నాయి. పిల్లలు కాలవ అంచున, ఒకరి వెనక ఒకరు, ఊపిరి బిగబట్టి పోతున్నారు. రోడ్డు పక్క దారి సంగతి వచ్చే ఏడాది చూస్తామన్నారు.

ఎండలు ముదిరాయి. యార్డు మీదుగా గాలి వీస్తే క్లాసంతా తుమ్ములే. బావ నడుము ఎలా ఉంది?

పానకాలు


గుంటూరు,
19-11-1999

అక్కకు,

టెలిగ్రాము అందే ఉంటుంది. లక్ష్మీకాంత్ క్షేమంగా ఉన్నాడు. వాడికి దెబ్బలేమీ లేవు. ఈ ఉత్తరం నిదానంగా చదువు.

నిన్న దీపాలు పెట్టే వేళ వాడు యార్డు నుంచి ఖాళీ బండితో తిరిగి వస్తున్నాడు. మా బడి దాటాక ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. దాన్ని తప్పించబోయి స్టీరింగు ఎడమకు కోశాడు. ఎడమ పక్క సైకిలు మీద ఒక మనిషి ఉన్నాడు. పేరు కోటేష్, ప్రింటింగు ప్రెస్సులో పనిచేస్తాడు, ఇంటికి పోతున్నాడు. సైకిలు నుజ్జయింది. మనిషికి తుంటి దగ్గర ఎముక విరిగింది, కుడి కాలు బాగా నలిగింది. ప్రాణానికి భయం లేదని ఈరోజే డాక్టరు చెప్పాడు.

జనం మూగి కొట్టబోయేసరికి లక్ష్మీకాంత్ బండి దిగి పరుగెత్తాడు. రెండు సందులవతలే మా ఇల్లు. లోపలికొచ్చి వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. 

తర్వాత నేనే వాణ్ణి పోలీసు స్టేషనుకు తీసుకెళ్లాను. కేసు రాశారు. ఈ మధ్యాహ్నం కోర్టులో పెడతారు. జామీనుకు నేనూ, మా బడి మాష్టారు ఒకాయనా వెళుతున్నాం. లాయరు బెయిలు వస్తుందన్నాడు.

నువ్వూ బావా కంగారుపడి బయల్దేరకండి. బెయిలు రాగానే నేనే తీసుకొచ్చి దిగబెడతాను.

పానకాలు


చీరాల,
25-11-1999

పానకాలుకు,

నా కొడుకు నీ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. ఊరుగాని ఊళ్లో నాకెవరున్నారు, మా మామయ్య ఉన్నాడు అనుకుని వచ్చాడు. వాణ్ణి నువ్వు చెయ్యి పట్టుకుని పోలీసుల దగ్గర కూర్చోబెట్టావు.

ఒక్క రాత్రి దాచలేకపోయావా? చీరాల బస్సెక్కించలేకపోయావా? వాడు తప్పు చేయలేదనడం లేదు. ఆ కోటేష్‌కు దేవుడు కాలు నిలబెట్టాలని నేనూ దండం పెట్టుకుంటున్నాను. కానీ నువ్వు వాడి మేనమామవి. వాడు పుట్టినప్పుడు ఉయ్యాల్లో వేసింది నువ్వు.

నీ అర్జీకి వాడు అక్కరకొచ్చాడు, అంతేగా?

వాణ్ణి తీసుకొచ్చి దిగబెట్టక్కర్లేదు. మీ బావ వస్తాడు.

రమణమ్మ


గుంటూరు,
22-1-2000

అక్కకు నమస్కారాలు.

బావ వచ్చి లక్ష్మీకాంత్‌ను తీసుకెళ్లాక నీ నుంచి ఉత్తరం లేదు. నేనూ రాయలేదు.

కోటేష్‌ను ఇంటికి పంపారు. కాలు తీయలేదు గానీ మడమ తిరగదు. ఇక సైకిలు తొక్కలేడన్నారు. చూడ్డానికి వెళితే అతని భార్య నన్ను కూర్చోమని పీట వేసింది. నేను ఆ లారీ డ్రైవరు మామనని ఆమెకు తెలుసు.  పీట వేయకపోయినా బాగుండేది.

ఇంకొకటి కూడా నీకు నేనే చెప్పాలి, వేరే వాళ్ల నోట వినకముందే. పోయిన వారం పేటలో మీటింగు పెట్టారు. అందులో నాకు దండ వేశారు. మేనల్లుడని కూడా చూడకుండా చట్టానికి అప్పజెప్పిన మాష్టారని ఒకాయన ఉపన్యాసం చేశాడు. పేపరులో కూడా వేశారు. నేను దండ తీసి బల్ల మీద పెట్టి మధ్యలోనే లేచి వచ్చేశాను. వినయం అనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

అప్పట్నించీ సోమవారాలు వెళ్లడం లేదు.

లక్ష్మీదుర్గ ఇంకేదో కూడా రాయమని పోరుతోంది. రాయడానికి ఇంకేమీ లేదు.

పానకాలు


చీరాల,
6-3-2000

నాయనా పానకాలూ,

ఎందుకు రాయలేదురా?

మొన్న వాడరేవు నుంచి ఎండు చేపలమ్ముకునే ఆమె వస్తే, కాగితం ముక్క చాలక నీ పేపరు తెచ్చాను. నీ ఫోటో ఉన్న పేపరు. దాన్ని పర్రున చించి, "ఇందులో కట్టివ్వు, ఈ ముఖానికి ఇంతకన్నా ఏం కావాలి" అన్నాను. ఆ మాట అనకూడనిదే, అన్నాను. లక్ష్మీకాంత్ మగ్గం గదిలోంచి వచ్చాడు. వాడిప్పుడు వాళ్ల నాన్నకు మగ్గం నూలు ఆసు పోస్తున్నాడు, లైసెన్సు కోర్టులో ఉందిగా. నా చేతిలోంచి ఆ ముక్కలు లాక్కున్నాడు.

"మామయ్యను ఇంకొక్క మాటనకమ్మా. స్టేషనుకు పోదామన్నది నేను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాణ్ణి కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు. నువ్వు వెనక తలుపు తీసి పట్టుకున్నావట. "ఒరేయ్, ఈ సందులోంచి పోతే బస్టాండు. చీరాల పో. అడిగితే రాలేదని చెబుతాను" అన్నావట.  వీడేమో, "ఆ మనిషి ఉన్నాడో పోయాడో చూడకుండా ఎక్కడికి పోను మామయ్యా?" అన్నాడట. మళ్లీ పొమ్మన్నావట, చొక్కా పట్టుకుని గుమ్మం దాకా నెట్టావట. వాడు కదల్లేదు. ఆ తర్వాతనే ఇద్దరూ స్టేషనుకు పోయారు.

ఇన్ని నెలలు నా చేత ఎన్ని మాటలనిపించుకున్నావురా! ఒక్క ముక్క రాసుంటే నేను నీ కాళ్ల మీద పడేదాన్ని కదా. నువ్వు రాసిందాంట్లో అబద్ధం లేదు, మధ్యలో తలుపు ఒక్కటీ ఎగరగొట్టావు.

మా తమ్ముడు మా తమ్ముడే. ఎన్ని అర్జీలు రాసినా రక్తం రక్తమే. ఆ సంగతి విన్నాక నాకు నిద్ర పట్టింది. మీ బావ మాత్రం, "వాడు నీకెందుకు చెప్పలేదో నాకు తెలుసు, నీకే తెలియదు" అంటున్నాడు. ఏంటో చెప్పడు.

లక్ష్మీకాంత్ వచ్చే నెల వాయిదాకు గుంటూరు వస్తున్నాడు. మీ ఇంట్లోనే దిగుతాడు.

మీ అక్క
రమణమ్మ


గుంటూరు,
18-6-2000

అక్కా,

నీ ఉత్తరం మీద ఉత్తరం వస్తున్నా జవాబు రాయనందుకు కోపం తెచ్చుకోకు. ఏం రాయాలో తెలియక ఆగాను.

నువ్వు నన్ను క్షమించావు. దేనికి క్షమించావో చూస్తే నాకు తల ఎత్తుకోవడం కష్టంగా ఉంది. నసీమున్నీసాను గుద్దినవాడు కూడా ఆ రోజు బండి వదిలి పారిపోయాడు. వాడికీ ఎవరో ఒక మేనమామ తలుపు తీసి ఉంటాడు. ఏడాదికి పైగా వాణ్ణి దాచినవాళ్లను మనసులో తిట్టుకుంటూ తిరిగినవాణ్ణి నేను. నా వంతు వచ్చేసరికి గడియ తీయడానికి ఎంతోసేపు పట్టలేదు. నీకు రాయలేదంటే అందుకే. నువ్వు తిడుతుంటే తేలిగ్గా ఉండేది. ఈ ఒక్క విషయంలో మెచ్చుకోకు, అక్కా.

లక్ష్మీకాంత్ వాయిదాకు వచ్చినప్పుడు, నాకు చెప్పకుండా, జానీబీ ఇంటికి వెళ్లాడు. అక్కణ్ణించి కోటేష్ ఇంటికి. ఏం మాట్లాడాడో నన్ను అడగవద్దన్నాడు. మర్నాడు సోమవారం. జానీబీ పొద్దున్నే మా గుమ్మంలో నిలబడింది.

"మీరు తలుపు తీశారని మీ మేనల్లుడు చెప్పాడు" అంది.

నేను తలొంచుకున్నాను.

"మీ చోట నేనుంటే నేనూ తీసేదాన్ని మాష్టారూ. నసీమ్ పోకముందైతే" అంది. కొంగు సర్దుకుని, "ఆటో మాట్లాడి ఉంచాను. వస్తారా, రారా?" అంది.

వెళ్లాం. లక్ష్మీకాంత్ కూడా వచ్చాడు. ఇంజనీరు గారి ముందు నేను మామూలుగా చెప్పేదంతా చెప్పాను, ఆయన మామూలుగా తల ఊపాడు. అప్పుడు వీడు లేచాడు. "సార్, నేను లారీ డ్రైవర్ని. ఆ రోడ్డులో ఒకాయన్ని గుద్దింది నేనే. లోడెత్తితే ఎడమ పక్క అద్దంలో గోతాలు తప్ప ఏమీ కనపడవు సార్. ఖాళీ బండైనా చీకటి పడితే సైకిలు కనపడదు. సీట్లో కూర్చున్నవాడికి ప్రతి రోజూ భయమే. మేం డ్రైవర్లం వద్దనేది దారి కాదు, ఎండలో ఆపడం. సైకిళ్లకు దారి విడిగా ఉంటే మమ్మల్ని ఆపక్కర్లేదు కదా" అన్నాడు.  ఇంజనీరుగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

అంతటితో పని అయిపోయిందనుకోకు. ఇంకా నాలుగు సోమవారాలు తిరిగాం. కాని ఈ నెల మొదట్లో కాలవ మీద పలకలు పడ్డాయి. మా బడి గేటు నుంచి రైలు గేటు దాకా. రోడ్డుకూ పలకలకూ మధ్య నడుమెత్తు రాళ్లు పాతారు. మేం అడిగింది యార్డు దాకా. వచ్చింది అందులో పావు వంతు. దండలు లేవు, మీటింగు లేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

వేసవి సెలవులయ్యి బళ్లు తెరిచిన రోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాను. పక్కన జానీబీ ఉంది. అప్పటికే ఒక ఆటో, ఒక మొక్కజొన్న కండెల బండి ఆ దారిలో ఎక్కి కూర్చున్నాయి. వాళ్లను బతిమాలి దించాం. గంట కొట్టారు. పిల్లలు సైకిళ్లతో బయటికొచ్చి, రాళ్ల లోపలికి తిరిగారు. అవతల లారీలు పోతూనే ఉన్నాయి, గోతాలు పొడుచుకునే ఉన్నాయి. పిల్లల్లో ఒక్కరు కూడా వాటి వైపు చూడలేదు. అంతసేపూ నేను వాళ్లను కాదు, లారీలనే చూస్తున్నానని తర్వాత తెలిసింది.

ఆఖరి సైకిలు రైలు గేటు దాటిపోయే దాకా జానీబీ చూస్తూ నిలబడింది.  ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"ఇరుగ్గా ఉంది మాష్టారూ" అంది చివరికి. "ఒకళ్ల వెనక ఒకళ్లే పోవాల్సొస్తోంది. ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవాలి కదా పిల్లలన్నాక. వెడల్పు చెయ్యమని అడగాలి."

నాకు ఒళ్లంతా బరువుగా ఉంది. ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది. సరేనన్నాను.

సోమవారం వెళుతున్నాం, అక్కా.

నీ తమ్ముడు
పానకాలు